నక్క కూతకు ఒక్కటే ఖాళీ

చాలా ఏళ్ల కిందటి మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మూడో తరగతి తెలుగు పరీక్షలో జంతువుల అరుపుల మీద ఒక ప్రశ్న ఇచ్చాను. పులి గాండ్రిస్తుంది, గుర్రం సకిలిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది. నక్క ఎదురుగా ఖాళీ. 'ఊళ' అని రాస్తే అర మార్కు. అమ్రాబాద్ అడవిలోని ఒక పెంట నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న చెంచు పిల్లవాడు ఆ ఖాళీలో 'ఏ యాల్లది?' అని రాశాడు. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను.

కాగితాలు పంచిన రోజు వాడు లేచి నిలబడ్డాడు. "పొద్దుగూకంగనే కూసేది ఒకటి సార్. పిల్లల్ని పిలుసుకునేది ఒకటి. చిర్తపులి కండ్లవడితె కూసేది ఇంకొకటి. మీరు ఏది అడిగిన్రో నాకు తెల్వలే" అన్నాడు. అంతటితో ఆగకుండా మూడూ కూసి చూపించాడు. తరగతి గొల్లుమంది. పక్క గదిలోని సారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది బడా, అడవా?" అని వాడిని కూర్చోబెట్టాను.

ఆ మాట అన్నది మైదానపు సారు ఎవరైనా అయితే ఆయన మీద ఈ పుస్తకంలోనే నాలుగు పేజీలు రాసేవాణ్ని. అన్నది నేను. నేనూ చెంచునే. మా తాత కూడా ఆ మూడు కూతలూ కూసేవాడు.

అడవిలో చంపడం మీద నిషేధం వచ్చింది. దాని వెనకే పిలవడం మీద కూడా నిషేధం వచ్చిందని అధికారులు అనుకున్నారు, సార్లు అనుకున్నారు, చివరికి మనమూ అనుకున్నాం. చంపడం వేరు, పిలవడం వేరు. ఈ తేడా మనం గట్టిగా చెప్పకపోతే ఇంకో పదేళ్లలో చెప్పడానికి పిలిచేవాడే మిగలడు.

మా తాత వేటగాడే. అందులో దాచిపెట్టేదేమీ లేదు. విల్లు ఉండేది, అంబులు ఉండేవి. కానీ ఆయన అసలు పనిముట్టు గొంతు. అడవికోడి పుంజు కూసే ముందు రెక్కలు కొట్టుకుంటుంది. తాత అరచేత్తో తొడ మీద కొట్టి ఆ చప్పుడు తెప్పించేవాడు. తన జాగాలోకి ఇంకో పుంజు వచ్చిందని అసలు పుంజు రోషంతో నడిచి వచ్చేది. ఆకు మడిచి పెదవుల మధ్య పెట్టి దుప్పి పిల్ల అరుపు అరిచేవాడు. పొద మీది కొమ్మ కదలకుండా తల్లి దుప్పి చెవులు రెండూ మా వైపు తిరిగేవి. అది చూసిన నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పిల్ల గొంతుతో తల్లిని పిలవడం మోసమే. మా తాతకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అందుకే తల్లులు పాలిచ్చే రోజుల్లో ఆకు నోట పెట్టనిచ్చేవాడు కాదు. పిలిచి రప్పించి ఊరికే చంపితే గొంతు పోతుందనేవాడు. మూఢనమ్మకం అంటారా, అనండి. ఆ నమ్మకం ఉన్నంత కాలం ఆ అడవిలో దుప్పులూ ఉన్నాయి, మేమూ ఉన్నాం.

నక్క సంగతి వేరు. మా ఇంట్లో నక్కను తినేవాళ్లు కాదు. మరి దాన్ని ఎందుకు పిలిచేవాడంటే, వినడానికి. పొద్దుగూకాక పెంట బయటి బండ మీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఊళ పెట్టేవాడు. నక్కలు జంటగా, తమ పిల్లలతో ఒక జాగాను పట్టుకుని బతుకుతాయి. ఎవరైనా కూస్తే 'ఇది మా జాగా' అని జవాబు చెప్పకుండా ఉండలేవు. వాగు వైపు నుంచి ఒక గుంపు, గుట్ట వైపు నుంచి ఒకటి, చెలక వైపు నుంచి ఒకటి జవాబు చెప్పేవి. తాత లెక్క పెట్టుకునేవాడు. జవాబు వచ్చిన దిక్కుల కంటే రాని దిక్కు ఆయనకు ముఖ్యం. రోజూ పలికే గుంపు ఆ రోజు పలకలేదంటే అక్కడ ఏదో ఉంది. చిరుతో, పులో, తుపాకీ పట్టుకున్న మనిషో. తెల్లారి తేనెకు, బంకకు పోయే ఆడవాళ్లకు ఆ దిక్కు వద్దని చెప్పేవాడు. పులి దాపున ఉన్నప్పుడు నక్క ఒంటరిగా అరిచే అరుపు మామూలు ఊళలా ఉండదు. కడుపులోంచి తెగినట్టు వస్తుంది. అది వినబడితే పెంటలో మంట ఎగదోసేవాళ్లు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో వేట ఎక్కడుంది? ఇది ఊరి కాపలా. వానాకాలపు వాతావరణ సూచన రేడియోలో వింటామే, అట్లాంటిది.

నక్కను నిజంగా కూతతో పట్టినవాళ్లు నక్కలోళ్లు. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో వాళ్లను చూడని ముసలివాళ్లు ఉండరు. చెరువు కట్ట కింద గుడిసెలు వేసుకుని, పూసలు, సూదులు అమ్ముకుంటూ, పిట్టలు పట్టుకుంటూ తిరిగేవాళ్లు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది వాగ్రీ, గుజరాతీకి దగ్గరి భాష. వల కట్టి దాని వెనక ఒకడు కూర్చుని నక్కలా కూసేవాడు. కూతకు కూత కలిపి, రెండు నక్కలు కొట్లాడుకుంటున్నట్టు ఒక్క గొంతుతోనే వినిపించేవాడు. చూద్దామని పరుగెత్తుకొచ్చిన నక్క వలలో పడేది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కురువిక్కారన్ అనే పేరు కింద ఈ జాతి ఉంది. దొర చూసి మెచ్చుకుని రాసుకున్నాడు. మనం చూసి నవ్వుకున్నాం. మేం చెంచులమైనా వాళ్ల గుడిసెల వైపు పోయేవాళ్లం కాదు. 'నక్కలోడా' అనేది మా పిల్లలకు కూడా తిట్టే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'నక్కల, కుర్వికారన్' అన్న పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాకు ఎక్కింది 2003లో. స్వతంత్రం వచ్చి యాభై ఏళ్లు దాటాక. అప్పటికే వాళ్ల చేతిలోంచి వల పోయింది. గొంతు బస్టాండ్లలో పూసల దండలు అమ్ముకోవడానికి మిగిలింది.

తెలుగు భాష నక్కకు చేసినంత అన్యాయం ఇంకే జంతువుకూ చేయలేదు. నక్క వినయం, నక్కజిత్తులు, నక్క ఎక్కడ నాగలోకం ఎక్కడ. ఒక్క 'నక్కతోక తొక్కాడు' అన్నచోట మాత్రం అదృష్టం, అదీ తొక్కినవాడికి. తోక నలిగిన నక్క గురించి సామెత లేదు. ఈ మాటలన్నీ అడవి బయట పుట్టినవి. మా పెంటల్లో జిత్తులమారి అంటే మేస్త్రీయో, అప్పులిచ్చే సేటో.

టీచరు ట్రైనింగులో కథ ఎట్లా చెప్పాలో నేర్పేటప్పుడు మాకు ఇచ్చిన కథ నీలి నక్కది. మీకందరికీ తెలుసు. చాకలి నీలి తొట్టిలో పడి రంగు మారిన నక్క అడవికి రాజవుతుంది. సింహాలు, పులులు దండం పెడతాయి. ఒక రాత్రి దూరంగా నక్కలు కూస్తే ఆపుకోలేక తనూ ఊళ పెడుతుంది. బండారం బయటపడి చచ్చిపోతుంది. సంస్కృత పంచతంత్రంలో ఆ నక్క పేరు చండరవుడు. చండమైన గొంతు గలవాడని అర్థం. పేరులోనే గొంతు పెట్టి, ఆ గొంతుతోనే చంపారు. నీతి ఏమిటని పిల్లల్ని అడగాలి, 'పుట్టుబుద్ధి దాగదు' అని పిల్లలు చెప్పాలి. నేను చార్టు గీసి, రంగులు వేసి, ఆ పాఠం చెప్పి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అప్పటికి నేను హాస్టల్లో యాస మార్చుకుని, నూనె రాసి తల దువ్వుకుని, మా పెంట పేరు అడిగితే మండలం పేరు చెప్పే దశలో ఉన్నాను. ఆ కథలో నక్క నేనేనని నాకు తట్టలేదు. తట్టిన రోజు నుంచి ఆ పాఠం నేను వేరే విధంగా చెబుతున్నాను. పిల్లల్ని ఒకటే అడుగుతాను, ఆ రాత్రి దూరంగా కూసిన నక్కలు ఏమన్నాయి? ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ఇది లక్ష్యాల్లో ఎక్కడుందని అడుగుతారు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. చట్టం పేరు చెప్పే మమ్మల్ని బెదిరిస్తారు కనుక.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర పెట్టడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. మంచిది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో మన సంప్రదాయ హక్కులన్నిటినీ చెబుతూ, వేటాడే హక్కును మాత్రం 'ఎల్' క్లాజులో మినహాయించింది. అదీ మంచిదే. నేను దాన్ని ప్రశ్నించడం లేదు. అయితే దానికి ఒక్క అక్షరం ముందు 'కె' క్లాజు ఉంది. జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద అడవి జనానికి సామూహిక హక్కు ఉందని అందులో రాశారు. 'ఎల్' క్లాజు మాకు ప్రతి బీటు ఆఫీసులో వినిపిస్తారు. 'కె' క్లాజు ఇప్పటిదాకా నాకు ఎవరూ వినిపించలేదు. నేనే చదువుకున్నాను. ఏ గుంపు ఎక్కడ కూస్తుంది, ఏ కూతకు ఏ అర్థం, పలకని దిక్కుకు ఏ అర్థం, ఇది సంప్రదాయ జ్ఞానం కాకపోతే ఇంకేది?

'అభయారణ్యంలో జంతువును వేధించరాదని కూడా చట్టంలో ఉంది కదా' అనవచ్చు. ఉంది. రోజూ, అందులోనూ పిల్లలు పెట్టే కాలంలో, పక్కన నిలబడి ఊళ పెడితే నక్కకు వేధింపే. మా తాత ఆ నియమం చట్టం రాకముందే పెట్టుకున్నాడు. కానీ అదే నియమం అందరికీ పెట్టండి. ఫరహాబాద్ రోడ్డు మీద సఫారీ బండ్లు పోతాయి. యురేనియం వెతకడానికి ఇదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేస్తామని బయల్దేరినప్పుడు నక్కకు వేధింపని ఏ ఆఫీసూ అనలేదు. జనం రోడ్డెక్కాక, 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేశాక ఆగింది. పంట పాడుచేసే అడవి పందుల్ని కాల్చడానికి లైసెన్సు తుపాకీ ఉన్న షూటర్లను పిలిపించుకునే వీలు మన రాష్ట్రంలో ఉంది. తుపాకీకి కాగితం దొరుకుతుంది. గొంతుకు మాత్రం కాగితం లేదు.

ఇది ఈ రోజు మొదలైంది కూడా కాదు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. పులుల వేటకు పేరుమోసిన మనిషి ఆయన. ఫరహాబాద్ గుట్ట మీద షికారు విడిది ఉండేది. తుపాకుల ముందుకు జంతువుల్ని తోలింది మా ముత్తాతలేనని మా పెంటల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు మా అరుపు కావలసి వచ్చింది. పులి చర్మం కింద నిలబడి ఫోటో దిగినవాళ్లలో అరిచినవాడు లేడు. హైమెన్‌డార్ఫ్ మా చెంచుల మీద పుస్తకం తెచ్చింది 1943లో. అందులో మా గుడిసెలున్నాయి, విల్లులున్నాయి, మొహాలున్నాయి. గొంతు ఫోటోలో పడదు.

బయటి ప్రపంచంలో ఏం జరుగుతుందో కూడా చూడండి. అమెరికాలో కొయోటీ అనే జంతువుంది, మన నక్కకు దగ్గరి చుట్టం. దాన్ని కూతతో పిలిచి కాల్చడం అక్కడ పెద్ద వినోదం. నోటితో ఊదే ఊళ పీకలు దుకాణాల్లో అమ్ముతారు. చావుబతుకుల్లో ఉన్న కుందేలు అరుపు, కొయోటీ పిల్ల ఏడుపు, జంట కోసం పిలుపు, అన్నీ రికార్డు చేసిన స్పీకర్ పెట్టెలు వచ్చాయి. రిమోట్ నొక్కి దూరాన కూర్చుంటాడు వేటగాడు. ఎవరు ఎక్కువ చంపితే వాళ్లకు బహుమతి అని పోటీలు కూడా పెట్టారు. కాలిఫోర్నియాలో 2014లో ఆ బహుమతుల్ని ఆపారు, వెర్మాంట్‌లో 2018లో పోటీలనే నిషేధించారు. చాలా రాష్ట్రాల్లో ఇంకా సాగుతున్నాయి. ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న నవాహో జనానికి కొయోటీ కథల్లోని మనిషి, మాయగాడు, గురువు. దాని కథలు చలికాలంలో తప్ప చెప్పుకోరు. కథకు కూడా కాలం పాటించే జనం గొంతు ఒకవైపు, రిమోట్ ఒకవైపు. మా తాతను ఆ రిమోట్ వాళ్ల గాటన కడితే నేను ఒప్పుకోను.

కెనడాలోని అల్గోన్‌క్విన్ పార్కులో 1960లలో పరిశోధకులు తోడేళ్లలా ఊళ పెట్టి, వచ్చిన జవాబుల్ని బట్టి గుంపుల్ని లెక్కగట్టారు. 1963 నుంచి అక్కడ మామూలు జనాన్ని కూడా రాత్రిపూట తీసుకుపోయి తోడేళ్ల జవాబు వినిపిస్తున్నారు. గ్రీసు, హంగరీ లాంటి దేశాల్లో మన నక్క జాతినే స్పీకర్‌లో ఊళ వినిపించి లెక్కపెడతారు. దానికి శాస్త్రం అని పేరు. మా తాత బండ మీద నిలబడి చేసింది అచ్చంగా అదే. ఆయనకు స్పీకర్ లేదు, పర్మిట్ లేదు, అంతే తేడా. మన చట్టంలో కూడా శాస్త్ర పరిశోధనకు పన్నెండో సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతికి ఒక చెంచు ముసలాయన దరఖాస్తు పెట్టుకుంటే ఏ ఆఫీసు తీసుకుంటుందో చెప్పండి.

మన దగ్గర మిమిక్రీకి గౌరవం లేదా అంటే, ఉంది. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారు ఆ విద్యను ఎక్కడికో తీసుకుపోయారు. 2001లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయనంటే నాకు భక్తి. కానీ వేదిక మీద మైకు ముందు జంతువులా అరిస్తే కళ అని చప్పట్లు కొట్టి, అదే అరుపు పెంటలో మనిషి అరిస్తే అనుమానంగా చూడటం ఏం న్యాయం? వేదిక మీది కూతకు మనుషులు జవాబిస్తారు. మా తాత కూతకు నక్కలు జవాబిచ్చేవి. ఏ పరీక్ష కష్టమో మీరే చెప్పండి.

'అయితే మళ్లీ వేటాడనివ్వమంటావా సారూ' అని మన సంఘాల మీటింగులోనే ఒకాయన అడిగాడు. వద్దు. నా పిల్లలు దుప్పిని చంపి బతకాలని నేను కోరుకోను. చంపడానికి అక్కడ మునుపటిలా దుప్పులూ లేవు. అడవిని నరికి, వాగుల్ని ఎండబెట్టి, హైదరాబాద్ కార్లలో తుపాకులతో వచ్చి పోయినవాళ్లను వదిలేసి, ఉచ్చుతో కుందేలు పట్టిన చెంచును కోర్టుకు తిప్పిన చరిత్ర వేరే రాయాలి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా మండలంలో ఇప్పుడు కుర్రాళ్లు ఫోనులో కౌజు పిట్ట కూతలు దించుకుని, చిన్న స్పీకర్‌కు కలిపి, చెలకల్లో వలలు వేస్తున్నారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. దాబాలకు అమ్ముకుంటారు. గుడ్ల కాలం, పిల్లల కాలం ఆ ఫోనుకు తెలియదు. రాత్రంతా ఆగకుండా కూస్తుంది, దానికి గొంతు నొప్పి పుట్టదు. మనిషి గొంతును నేరం చేసి మూయిస్తే దాని జాగాలోకి వచ్చింది ఇది. ఇది సంప్రదాయం అని ఎవరైనా నా ముందు వాదిస్తే ముందు వాళ్లతోనే నా కొట్లాట.

పెంటల్ని అడవి లోపలి నుంచి బయటికి తెచ్చే పని కూడా నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షలు లేదా ఇల్లు, భూమి. పోయేవాళ్లను పొమ్మని, ఉండేవాళ్లను ఉండమని చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కటి తెలుసు. నక్కల కూత నేర్చుకోవడానికి నక్కలు జవాబిచ్చే చోట ఉండాలి. రోడ్డు పక్క కాలనీలో పుట్టిన పిల్ల దాన్ని యూట్యూబ్‌లో వింటుంది. అప్పుడు నా ప్రశ్నపత్రంలో 'ఊళ' అని సరిగ్గా రాస్తుంది, అర మార్కు తెచ్చుకుంటుంది.

నేను మార్కు కోసిన పిల్లవాడు పదో తరగతి దాటలేదు. ఇప్పుడు పులుల కాపలాకు పెట్టిన బేస్ క్యాంపులో రోజుకూలీ వాచర్. కిందటి చలికాలంలో కలిశాడు. రాత్రిపూట ఇప్పటికీ వింటాడట. ఏ దిక్కు పలకలేదో చూసుకుని తెల్లారి అటు పోతే, చాలాసార్లు అడుగుజాడలు దొరుకుతాయట. కెమెరా ఏ చెట్టుకు కట్టాలో సార్లు తననే అడుగుతారట. "మరి రిజిస్టర్‌లో ఏం రాస్తరు?" అని అడిగాను. "సిబ్బంది గమనించారు అని రాస్తరు సార్" అన్నాడు. ఆ సిబ్బందిలో తన పేరు లేదు. జీతం మూడు నెలలకోసారి వస్తే వచ్చినట్టు.

అటవీ శాఖ వారిని నేను అడిగేది పెద్దదేమీ కాదు. చెంచు మనిషి చెవితో, గొంతుతో తెలిసిన సంగతి రిజిస్టర్‌కు ఎక్కినప్పుడు ఆ మనిషి పేరు కూడా ఎక్కాలి. నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తారు కదా, ఆ ఫారంలో ఒక గడి పెంచండి. మా ముసలివాళ్ల కూతల్ని ఎవరైనా రికార్డు చేయాలంటే ముందు ఆ పెంట గ్రామసభలో అడగాలి. రికార్డు ఒక ప్రతి మా బడిలో ఉండాలి. నక్కలోళ్ల గుడిసెల్లో ఇంకా ఆ విద్య తెలిసిన తాతలు ఒకరిద్దరు ఉంటే వాళ్ల దగ్గరికీ పోవాలి, మనం నవ్విన నవ్వుకు ముందు తల దించుకుని పోవాలి.

ఇక సార్లకు, ముఖ్యంగా నాలాంటి మన సార్లకు. ఈ ఏడు నేను ఆ ప్రశ్న మార్చాను. నక్క ఎదురుగా నాలుగు గీతలు ఖాళీ వదిలాను. పెంట నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాలుగూ నింపి, చోటు చాలక కాగితం వెనక రాసింది. ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియలేదు. సెలవుల్లో వాళ్ల తాతను కలిసి అడిగి వచ్చి వేస్తానని చెప్పాను.